ఉప్పు నీటికి స్లడ్జ్ చెదిరిపోతోందా? ప్లాంటు నడిపేవారికి సమగ్ర మార్గదర్శి

“క్లారిఫైయర్‌లో స్లడ్జ్ దిగడం లేదు, పైన నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి, ఏం చేయమంటారు?” విజయవాడ అపార్ట్‌మెంట్ల మురుగునీటి శుద్ధి ప్లాంట్ల నుంచీ గుంటూరు చుట్టుపక్కల పచ్చళ్ల యూనిట్ల నుంచీ నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే. స్లడ్జ్ అంటే మురుగును తిని నీటిని శుభ్రం చేసే సూక్ష్మజీవుల ముద్ద. క్లారిఫైయర్ అంటే ఆ ముద్ద అడుక్కు దిగి నీరు తేటపడే ట్యాంకు. వెంటనే వచ్చే రెండో ప్రశ్న: “టీడీఎస్ ఎంతవరకు ఉండొచ్చు?”

ఆ రెండో ప్రశ్న దగ్గరే దారి తప్పుతున్నారు. టీడీఎస్ అంటే నీటిలో కరిగి ఉన్న లవణాలన్నిటి మొత్తం మాత్రమే. స్లడ్జ్‌ను చెదరగొట్టేవి రెండు: ఆ మొత్తంలో ఏ ఉప్పు ఎంత ఉంది అన్నది ఒకటి, అది ఎంత హఠాత్తుగా వచ్చింది అన్నది రెండోది. కింది క్రమం ఈ రెండింటినీ పట్టుకుని నడుస్తుంది. క్రమం మార్చకండి. మందు డబ్బా ఆరో అడుగులో కానీ రాదు.

## 1. ముందుగా సమకూర్చుకోవలసినవి

- కండక్టివిటీ మీటరు. నీటిలో విద్యుత్ ఎంత తేలిగ్గా పారుతుందో కొలుస్తుంది, ఉప్పు పెరిగితే రీడింగు పెరుగుతుంది. 1413 మైక్రోసీమెన్స్ ప్రమాణ ద్రావణంతో సరిచూసినది. ఉప్పు ఎక్కువగా ఉండే చోట 12.88 మిల్లీసీమెన్స్ ద్రావణం కూడా కావాలి.
- లీటరు కొలజాడీలు రెండు. ఒకటి చాలదు, పోలికకు రెండోది తప్పనిసరి.
- డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటరు, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) మీటరు.
- సాధారణ మైక్రోస్కోపు. వంద రెట్లు పెద్దది చేసి చూపిస్తే చాలు.
- గత నెల రోజుల లాగ్ బుక్కు. అందులో రోజూ ఒకే అంకె ఉంటే అది లెక్కకు రాదు.
- ప్లాంటుకు వచ్చే ప్రతి కాలువ, ప్రతి పైపు ఎక్కడ మొదలవుతుందో చూపే చేతిగీత పటం.

కండక్టివిటీ నుంచి టీడీఎస్ అంచనా వేయడానికి 0.55 నుంచి 0.7 మధ్య ఏదో ఒక అంకెతో హెచ్చవేస్తారు. ఆ అంకె నీటిని బట్టి మారుతుంది. ఒకసారి ల్యాబ్‌లో నీటిని ఆవిరి చేయించి అసలు టీడీఎస్ తీయించుకుంటే మీ ప్లాంటు అంకె మీకు దొరుకుతుంది.

## 2. ఉప్పు ఎక్కడి నుంచి వస్తోందో నడిచి చూడండి

మీటరు చేతపట్టుకుని ప్లాంటు నుంచి వెనక్కు నడవండి. ప్రతి చాంబర్ దగ్గర ఒక రీడింగు, ప్రతి గంటకూ ఒకసారి, కనీసం ఒక పూర్తి రోజు. రాత్రి షిఫ్టును వదిలేయకండి. అసలు దొంగ తరచు అప్పుడే దొరుకుతాడు.

ఒక పచ్చళ్ల యూనిట్‌లో పగలంతా రీడింగు నిలకడగా ఉండేది. రాత్రి తొమ్మిదింటికి ఒక్కసారి మీటరు ఎగిరింది. వెళ్లి చూస్తే ముక్కలు ఊరిన డ్రమ్ములు కడుగుతున్నారు. అక్కడి పెద్దావిడ నన్ను చూసి, “ఉప్పు నీళ్లే కదా బాబూ, పారబోస్తే ఏమవుతుంది?” అంది. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆవిడ చేతిలో పనే దొరికింది. మాగాయకు ముక్కల్లో ఉప్పు కలిపితే ఊట ఎలా దిగుతుందో, మా ట్యాంకులో సూక్ష్మజీవులకూ అంతే. ఒంట్లో నీళ్లు బయటకు వదిలేసి ముడుచుకుపోతాయి. మర్నాటి నుంచి ఆ డ్రమ్ముల నీళ్లు వేరే ట్యాంకులోకి వెళ్లాయి.

మా ప్రాంతంలో తరచు కనిపించే మూలాలు ఇవి:

- పచ్చళ్ల యూనిట్ల ఊరబెట్టిన నీరు. ఇందులో ఉప్పు 15 నుంచి 20 శాతం వరకు ఉంటుంది.
- అపార్ట్‌మెంట్లు, హోటళ్లు, ఆసుపత్రుల్లో నీటి సాఫ్ట్‌నర్ (కఠిన జలాన్ని మెత్తబరిచే యంత్రం) కడిగిన ఉప్పు నీరు.
- ఆర్ఓ యంత్రాలు వదిలేసే నీరు.
- నిజాంపట్నం వైపు రొయ్యల శుద్ధి కేంద్రాల్లో సముద్రపు నీరు, ఉప్పు కలిపిన ఐసు.
- పీహెచ్ సరిచేయడానికి మనమే పోసే కాస్టిక్ సోడా. దీన్ని ఎవరూ లెక్కలో రాయరు.

సాఫ్ట్‌నర్ సంగతి కొంచెం ఆగి చూడాలి. రోజుకు లక్ష లీటర్లు శుద్ధి చేసే ప్లాంటు అనుకోండి. సాఫ్ట్‌నర్‌ను ఒకసారి కడగడానికి 50 కిలోల ఉప్పు వాడారు. అది రోజంతా సమంగా కలిస్తే లీటరుకు 500 మిల్లీగ్రాములు పెరుగుతుంది, స్లడ్జ్ పట్టించుకోదు. అదే ఉప్పు రెండు వేల లీటర్ల నీటితో అరగంటలో వచ్చిపడితే ఆ నీటిలో లీటరుకు 25 గ్రాములు. రోజువారీ సగటులో రెండూ ఒకటే. అందుకే సగటు చూసి నిశ్చింతగా ఉండకండి.

## 3. ఏ ఉప్పు అన్నది లెక్క కట్టండి

స్లడ్జ్ గుత్తులుగా ఎందుకు ఉంటుంది? సూక్ష్మజీవుల చుట్టూ ఉండే జిగురు రుణావేశంతో ఉంటుంది. రుణానికి రుణం పడదు, దూరం జరుగుతుంది. మధ్యలో కాల్షియం, మెగ్నీషియం నిలబడి చెరో చేత్తో చెరో వైపు పట్టుకుంటాయి. వాటికి రెండేసి ఆవేశాలున్నాయి కనుక అది సాధ్యం. సోడియం, పొటాషియం, అమ్మోనియంలకు ఒక్కొక్క చెయ్యే. అవి ఎక్కువైతే కాల్షియాన్ని పక్కకు నెట్టి ఆ చోట కూర్చుంటాయి, పట్టు వదులుతుంది, గుత్తి విడిపోతుంది.

కాబట్టి తీయవలసింది ఒక నిష్పత్తి. ఒక చెయ్యి ఉన్నవాటి మొత్తాన్ని రెండు చేతులున్నవాటి మొత్తంతో భాగించాలి. మిల్లీగ్రాముల్లో కాదు, మిల్లీ ఈక్వివలెంట్లలో, అంటే బరువుతో కాక ఆవేశాల లెక్కతో. ఇది 2 దాటితే స్లడ్జ్ దిగడంలోనూ, దాన్ని పిండే ఫిల్టర్ ప్రెస్‌లో నీరు వదలడంలోనూ ఇబ్బంది మొదలవుతుంది.

వచ్చే నీరంతా ముందుగా చేరి కలిసే ఈక్వలైజేషన్ ట్యాంకు బయటకు వదిలే చోట 24 గంటల పాటు కొంచెం కొంచెంగా తీసి కలిపిన నమూనా ల్యాబ్‌కు పంపండి. అడగవలసినవి నాలుగే: సోడియం, పొటాషియం, అమ్మోనియా నైట్రోజన్, మొత్తం కాఠిన్యం. ల్యాబ్ ఇచ్చిన మిల్లీగ్రాములను ఈ అంకెలతో భాగిస్తే మిల్లీ ఈక్వివలెంట్లు వస్తాయి:

- సోడియం: 23
- పొటాషియం: 39
- అమ్మోనియా నైట్రోజన్: 14
- కాల్షియం కార్బొనేట్‌గా చెప్పిన మొత్తం కాఠిన్యం: 50

ఉదాహరణకు లీటరుకు సోడియం 690, పొటాషియం 39, అమ్మోనియా నైట్రోజన్ 28, కాఠిన్యం 500 మిల్లీగ్రాములు వచ్చాయనుకుందాం. భాగహారంలో పైన ఉండే ఒక చెయ్యివి 30, 1, 2. కలిపితే 33. కిందది 10. నిష్పత్తి 3.3. ఈ నీటి టీడీఎస్ రెండు మూడు వేలు దాటకపోవచ్చు. కాగితం మీద చూస్తే స్లడ్జ్‌కు భయమేమీ లేదనిపిస్తుంది, అయినా అది చెదిరిపోతూ ఉంటుంది.

సాఫ్ట్‌నర్ చేసే రెండో హాని ఇక్కడ కనిపిస్తుంది. కాఠిన్యం 400 ఉన్న బోరు నీటిని మెత్తబరిస్తే 8 మిల్లీ ఈక్వివలెంట్ల కాల్షియం, మెగ్నీషియం పోయి, ఆ చోట 184 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది. భాగహారంలో పైది పెరుగుతుంది, కిందది తరుగుతుంది. గీజరు పాడవుతుందని మనం తిట్టుకునే ఆ కఠిన జలమే ఇన్నాళ్లూ స్లడ్జ్‌ను కాపాడింది. టాయిలెట్ ఫ్లష్‌కు, నేల కడగడానికి మెత్తని నీరు అక్కర్లేదు. ఆ లైన్లను సాఫ్ట్‌నర్‌కు ముందే విడదీయించండి.

ఇంకొక మాట. సముద్రపు ఉప్పూ సంచి ఉప్పూ ఒకటి కావు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 1300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. దాని నిష్పత్తి 4 లోపే ఉంటుంది. సంచి ఉప్పు కలిపిన నీటిలో రెండు చేతులవి నామమాత్రం. కనుక రొయ్యల ప్లాంటు అనుభవాన్ని పచ్చళ్ల ప్లాంటుకు తెచ్చి అతికించకండి.

## 4. స్లడ్జ్‌ను చదవండి

లీటరు జాడీలో ఏరేషన్ ట్యాంకు (స్లడ్జ్‌కు గాలి పట్టించే ట్యాంకు) నీరు నింపి 30 నిమిషాలు కదపకుండా ఉంచండి. స్లడ్జ్ ఎన్ని మిల్లీలీటర్ల దగ్గర నిలిచిందో దాన్ని వెయ్యితో హెచ్చవేసి ఎంఎల్ఎస్ఎస్‌తో (లీటరు ట్యాంకు నీటిలో ఆరబెట్టిన స్లడ్జ్ ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే అంకె) భాగిస్తే ఎస్‌వీఐ (స్లడ్జ్ ఎంత గట్టిగా దిగుతుందో చెప్పే అంకె) వస్తుంది. 400 మిల్లీలీటర్లు, ఎంఎల్ఎస్ఎస్ 3500 అయితే 114. ఇది 80 నుంచి 150 మధ్య ఉంటే మంచిదని అందరికీ తెలుసు.

ఉప్పు విషయంలో ఆ అంకె ఒక్కోసారి అబద్ధం చెబుతుంది. ఉప్పు దెబ్బకు గుత్తులు ముక్కలై, బరువైన ముక్కలు గట్టిగా అడుక్కు చేరతాయి. ఎస్‌వీఐ 60 వస్తుంది, ఆపరేటర్ సంతోషిస్తాడు. తేలిక ముక్కలన్నీ పైన నీటిలోనే తేలుతూ బయటకు పోతుంటాయి. అందుకే జాడీలో కింద చూసే ముందు పైన చూడండి.

- పైన మసక, కింద గట్టి స్లడ్జ్: గుత్తులు పగిలాయి. ఉప్పు హఠాత్తుగా పెరిగి ఉంటుంది.
- పైన మసక, కింద వదులైన స్లడ్జ్: సోడియం నిష్పత్తి చాలా రోజులుగా ఎక్కువ.
- పైన అద్దంలా తేట, స్లడ్జ్ మాత్రం దిగదు: ఇది దారపు పోగుల్లా పెరిగే బాక్టీరియా పని. ఆక్సిజన్, పోషకాలు చూసుకోండి. ఈ మార్గదర్శి మీకు కాదు.

మైక్రోస్కోపులో గంట ఆకారపు ప్రోటోజోవా, రోటిఫర్లు కనిపిస్తున్నాయా? నీటిలో విడిగా తేలే బాక్టీరియాను తినేవి అవే. ఉప్పు పెరిగితే ముందు మాయమయ్యేవీ అవే. అవి లేకపోతే మసక ఇంకా పెరుగుతుంది.

స్లడ్జ్ చచ్చిందా, పగిలి మాత్రమే ఉందా తేల్చడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. స్లడ్జ్ నీటికి గాలి బాగా పట్టించి, సీసా నిండా పోసి, డీఓ మీటరు పెట్టి గాలి చొరకుండా మూసి, కలుపుతూ పది నిమిషాలు చూడండి. రీడింగు చకచకా పడితే ప్రాణం ఉంది. కదలకుండా కూర్చుంటే దెబ్బ గట్టిది, ఎనిమిదో అడుగుకు వెళ్లండి.

## 5. హెచ్చుతగ్గులను ఆపండి

నెమ్మదిగా అలవాటు పడిన స్లడ్జ్ లీటరుకు 10 గ్రాముల ఉప్పులోనూ పనిచేస్తుంది. అలవాటు లేనిది అందులో సగం ఒక్కసారిగా వచ్చినా చెదిరిపోవచ్చు. అందుకే ముందు చేయవలసిన ఖర్చు ట్యాంకు మీద, మందు మీద కాదు.

- ఘాటు ఉప్పు నీటికి విడి ట్యాంకు కట్టండి. అక్కడి నుంచి చిన్న డోసింగ్ పంపుతో 24 గంటలూ సన్నగా వదలండి.
- సాఫ్ట్‌నర్ కడిగిన నీటికీ అదే పద్ధతి. సాఫ్ట్‌నర్ లాక్కున్న కాల్షియం, మెగ్నీషియం ఆ నీటిలోనే ఉంటాయి కనుక సన్నగా కలిస్తే కొంత తిరిగి దక్కుతుంది.
- ఈక్వలైజేషన్ ట్యాంకులో గాలి గొట్టాలు పనిచేస్తున్నాయా చూడండి. ఉప్పు నీరు బరువు, కలపకపోతే అడుగున పొరలా నిలిచి పంపు తోడినప్పుడు ముద్దగా వస్తుంది.
- పంపు గంటలు పెంచండి, వేగం తగ్గించండి.

200 లీటర్ల ఊరనీటి డ్రమ్ములో 18 శాతం చొప్పున చూస్తే సుమారు 36 కిలోల ఉప్పు ఉంటుంది. రోజుకు 20 వేల లీటర్ల ప్లాంటుకు అది సమంగా కలిసినా లీటరుకు 1.8 గ్రాములు. రెండు మూడు డ్రమ్ములైతే అసలు ప్లాంటుకే పంపకండి. ప్లాస్టిక్ షీటు పరిచిన లోతు తక్కువ తొట్టిలో ఎండబెట్టండి. గుంటూరు ఎండను తిట్టుకోవడమే కాదు, వాడుకోవడమూ తెలియాలి.

## 6. సోడియం తగ్గించి కాల్షియం పెంచండి

కాల్షియం కొనే ముందు కాస్టిక్ సోడా మానేయండి. మూడో అడుగులోని ఉదాహరణనే తీసుకుందాం. లక్ష లీటర్లకు రోజూ 10 కిలోల కాస్టిక్ పోస్తున్నారు. అందులో 5.75 కిలోలు సోడియమే, అంటే లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు. దాని బదులు 9.25 కిలోల ఆర్పిన సున్నం వాడితే క్షారం అంతే అందుతుంది. పైది 33 నుంచి 30.5కు దిగుతుంది, కిందది 10 నుంచి 12.5కు ఎక్కుతుంది. నిష్పత్తి 3.3 నుంచి 2.4కు వచ్చేసింది. కొత్త మందు ఒక్కటీ కొనలేదు.

సున్నం కలపడం చిరాకు పని, గొట్టాలు పూడుకుపోతాయి, ఆపరేటర్ గొణుగుతాడు. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అంత ఇబ్బంది పెట్టదు, పీహెచ్‌ను ఒక్కసారిగా ఎగదోయదు. ధర ఎక్కువ.

పీహెచ్ ఇప్పటికే సరిగా ఉంటే సున్నం పనికిరాదు, కాల్షియం క్లోరైడ్ వాడాలి. కాస్టిక్ అలవాటే లేని ప్లాంటులో 3.3ను 2కు దించాలంటే లీటరుకు 6.5 మిల్లీ ఈక్వివలెంట్లు, అంటే 361 మిల్లీగ్రాముల శుద్ధమైన కాల్షియం క్లోరైడ్. లక్ష లీటర్లకు 36 కిలోలు. సంచి మీద శాతం 75 అని ఉంటే 48 కిలోలు అవుతుంది. ఇది టీడీఎస్‌నూ పెంచుతుంది కనుక కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రంలోని పరిమితి చూసుకోకుండా మొదలుపెట్టకండి. చాలా అనుమతి పత్రాల్లో టీడీఎస్ పరిమితి లీటరుకు 2100 మిల్లీగ్రాములే ఉంటుంది.

సగం మోతాదుతో మొదలుపెట్టండి. రెండు జాడీలు తీసుకుని ఒకదానిలో కాల్షియం కలిపి పోల్చండి, కానీ అరగంటలో అద్భుతం కనిపించకపోతే నిరాశపడకండి. కాల్షియం కొత్తగా పెరిగే గుత్తుల్లో అల్లుకుంటుంది. స్లడ్జ్ వయసు (అది ట్యాంకులో సగటున ఉండే కాలం) 15 రోజులైతే తేడా తేలడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మూడో రోజుకే “పనిచేయలేదు” అని ఆపేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

## 7. ఉప్పు తప్పదనుకుంటే అలవాటు చేయండి

పచ్చళ్ల యూనిట్లు మామిడికాయ మార్కెట్‌కు వచ్చాక ప్లాంటు గురించి ఆలోచిస్తాయి. అప్పటికి ఆలస్యమైపోతుంది. శివరాత్రి దాటగానే మొదలుపెట్టండి.

1. ప్రస్తుత కండక్టివిటీ రాసుకోండి.
2. లీటరుకు అర గ్రాము, మించితే ఒక గ్రాము ఉప్పు పెంచండి.
3. వారం ఆగండి. స్లడ్జ్ వయసంత కాలం ఆగగలిగితే ఇంకా మేలు.
4. పై నీరు తేటగా, సీఓడీ (నీటిలోని మురుగు కొలత) తగ్గుదల మునుపటిలా ఉంటేనే తర్వాతి మెట్టు.
5. చెదిరితే ఒక మెట్టు వెనక్కు రండి, మొదటికి కాదు.

ఈ కాలంలో స్లడ్జ్ బయటకు తీయడం తగ్గించండి. డీఓ లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే పైన ఉంచండి. 30 డిగ్రీల మంచినీటిలో ఆక్సిజన్ లీటరుకు 7.5 మిల్లీగ్రాముల వరకు కరిగితే, అదే వేడిలో సముద్రపు నీటిలో 6.2 దగ్గరే ఆగిపోతుంది. గాలి ఊదే బ్లోయర్ అదే అయినా ఆక్సిజన్ తక్కువ అందుతుంది.

అమ్మోనియా తొలగించే ప్లాంట్లు నైట్రైట్ మీద కన్ను వేయాలి. నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఉప్పుకు ముందే చేతులెత్తేస్తుంది. గాలి లేని బయోగ్యాస్ ట్యాంకులో సోడియం లీటరుకు 3500 మిల్లీగ్రాములు దాటితే వేగం తగ్గుతుంది, 8000 దగ్గర గ్యాస్ దాదాపు ఆగిపోతుంది.

## 8. దెబ్బ తగిలేసిందా? మొదటి రెండు రోజులు

- ఉప్పు నీటిని పక్క ట్యాంకుకు మళ్లించండి. ప్లాంటుకు నీరు ఆపండి.
- బ్లోయర్ ఆపకండి.
- స్లడ్జ్ బయటకు తీయడం పూర్తిగా మానండి, క్లారిఫైయర్ అడుగు స్లడ్జ్‌ను ఏరేషన్ ట్యాంకుకు తిరిగి పంపే పంపు నడవనివ్వండి.
- ట్యాంకర్లతో మంచినీళ్లు తెప్పించి ఒక్కసారిగా పోయకండి. ముడుచుకున్న కణంలోకి నీరు ఒక్కసారిగా చొరబడితే పగులుతుంది. కొంచెం కొంచెంగా రోజంతా కలపండి.
- నురుగు, సీఓడీ పెరుగుదల చూసి కంగారుపడకండి. చచ్చిన కణాల లోపలి పదార్థం బయటకు వచ్చింది, అంతే. బ్లీచింగ్ చల్లితే మిగిలిన ప్రాణం కూడా పోతుంది.
- రెండో రోజు నుంచి మామూలు నీటిలో పావు వంతు వదలండి. రోజుకు పది శాతం పెంచండి.

పేడ, బెల్లం వేయమని ఎవరో ఒకరు చెబుతారు. కొత్త ప్లాంటు మొదలుపెట్టేటప్పుడు పేడకు అర్థం ఉంది, ఇప్పుడు లేదు. ఉప్పు తట్టుకుంటుందని అమ్మే పొడి ప్యాకెట్ల మీదా నాకు నమ్మకం తక్కువ. ఉప్పు నీటితో నడుస్తున్న మరో ప్లాంటు నుంచి ఒక ట్యాంకరు స్లడ్జ్ దొరికితే దాని ముందు ఏదీ నిలవదు.

## 9. పరీక్షల్లో మోసపోయే చోట్లు

సీఓడీ పరీక్షలో ఉప్పులోని క్లోరైడ్ కూడా ఆక్సీకరణ చెందుతుంది. దాన్ని అడ్డుకునే మెర్క్యురిక్ సల్ఫేట్ సరిపడా వేయకపోతే ప్రతి 1000 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాదాపు 226 మిల్లీగ్రాముల దొంగ సీఓడీని చేరుస్తుంది. క్లోరైడ్ 2000 దాటిన నమూనాను పలుచన చేసి పరీక్షించమని ల్యాబ్‌కు రాతపూర్వకంగా చెప్పండి. ప్లాంటు బాగానే ఉండి రిపోర్టు మాత్రమే చెడిన సందర్భాలు చూశాను.

ఎంఎల్ఎస్ఎస్ తీసేటప్పుడు ఫిల్టరు కాగితాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో కడగకపోతే అందులో ఆరిన ఉప్పును కూడా స్లడ్జ్‌గా తూచినట్లే. సున్నం వాడే ప్లాంట్లలో ఎంఎల్‌వీఎస్ఎస్ (ఎంఎల్ఎస్ఎస్‌లో కాల్చితే పోయే జీవ భాగం) కూడా చూడాలి. అది ఎంఎల్ఎస్ఎస్‌లో 0.7 నుంచి 0.8 వంతు ఉండాలి. 0.6 కంటే పడిపోతే ట్యాంకులో పెరుగుతున్నది జీవం కాదు, సున్నపు రాయి. మోతాదు తగ్గించండి.

డీఓ మీటరులో లవణీయత సర్దుబాటు ఉంటుంది. దాన్ని సున్నా దగ్గర వదిలేస్తే ఉన్నదాని కంటే ఎక్కువ చూపుతుంది.

## 10. తరచు చేసే పొరపాట్లు

- పాలీ (స్లడ్జ్‌ను ముద్దకట్టించే పాలిమర్) మోతాదు పెంచుకుంటూ పోవడం. ఫిల్టర్ ప్రెస్‌లో బిళ్ల తడిగా వస్తుంటే పాలీ బిల్లు కంటే ముందు సోడియం నిష్పత్తి చూడండి.
- మసకను చూసి స్లడ్జ్ ఎక్కువైందని తోడేయడం. ఉప్పు దెబ్బ సమయంలో ఇది రెండో దెబ్బ.
- జీవశుద్ధితో టీడీఎస్ తగ్గుతుందనుకోవడం. తగ్గదు. లోపలికి ఎంత వచ్చిందో దాదాపు అంతే బయటకు పోతుంది. తగ్గించాలంటే మూలంలో ఆపాలి, లేదా ఆర్ఓ, ఆవిరి యంత్రం పెట్టాలి.
- శుద్ధి చేసిన నీటినే తిప్పి తిప్పి వాడటం. ప్రతి చుట్టుకూ ఉప్పు పేరుకుంటుంది. వారానికొకసారి కండక్టివిటీ చూసి కొంత బయటకు వదలండి.

## 11. సీజన్ ముగిసేటప్పుడు

ఎక్కేటప్పుడు చూపిన ఓపిక దిగేటప్పుడు ఎవరూ చూపరు. ఉప్పుకు అలవాటు పడిన స్లడ్జ్ మీద మంచినీళ్లు పడినా అదే గతి. మా వైపు ఇది దాదాపు ఏటా మృగశిర కార్తెలోనే జరుగుతుంది. పచ్చళ్ల పని తగ్గుతుంది, అదే వారంలో తొలి వానలు పడి కాలువల నీరంతా ఈక్వలైజేషన్ ట్యాంకులోకి చేరుతుంది. రెండు రోజుల్లో కండక్టివిటీ సగానికి పడిపోతుంది, జాడీలో పైన మళ్లీ బియ్యం కడిగిన నీళ్లు.

- రోహిణి కార్తె లోపలే వాన నీటి కాలువను ప్లాంటు కాలువ నుంచి విడదీయండి.
- విడి ట్యాంకులో వారానికి సరిపడా ఉప్పు నీరు నిలవ ఉంచుకోండి. వాన పడ్డ రోజుల్లో అదే సన్నగా వదులుతూ మెట్టుమెట్టుగా దిగండి.
- దిగే మెట్టూ అర గ్రామే, ఆగే గడువూ వారమే.
- నిలవ నీరు అయిపోతే బస్తా ఉప్పు కొని కలపండి. వింతగా తోస్తుంది, యజమాని తప్పక అడుగుతాడు. లాగ్ బుక్కులో కండక్టివిటీ రీడింగులు చూపించి సంతకం పెట్టించుకోండి.